నెట్‌వర్కింగ్ లేయర్లు బట్టీ పట్టినా ఎందుకు అర్థం కావడం లేదు?

ఓఎస్ఐ (నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే నమూనా) ఏడు లేయర్ల పేర్లు నోటికి వచ్చినా డేటా ఎలా వెళ్తుందో తెలియడం లేదా? అయితే ముందు ఆ బట్టీ పక్కన పెట్టేయండి. 1984లో ప్రమాణంగా వచ్చిన ఆ నమూనా మాట్లాడుకోవడానికి బాగా పనికొస్తుంది గానీ, ఇంటర్నెట్ నడిచేది టీసీపీ/ఐపీ అనే నియమాల సమితి మీద.

వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను పట్టి చూపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసి, క్యాప్చర్ ఆన్ చేసి, ఏదో ఒక సైట్ తెరవండి. మొదట 53వ పోర్టుకు డీఎన్ఎస్ ప్రశ్న వెళ్తుంది, ఈ పేరుకి ఐపీ అడ్రస్ ఏమిటని (కనిపించకపోతే బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆపి చూడండి). జవాబు రాగానే, చాలా సైట్లకు, 443వ పోర్టుకు సిన్ (కనెక్షన్ కోరే ప్యాకెట్), అటు నుంచి సిన్-ఆక్, మళ్లీ ఇటు నుంచి ఆక్, ఈ మూడింటితో టీసీపీ కనెక్షన్ కుదిరాకే టీఎల్ఎస్ (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) మొదలవుతుంది.

ఇప్పుడు ఆ సిన్ ప్యాకెట్ మీద క్లిక్ చేయండి. ఈథర్నెట్, దాని లోపల ఐపీ, దాని లోపల టీసీపీ. లేయర్లంటే ఇవే! గమ్యం దగ్గర ఐపీ అడ్రస్ సర్వర్‌ది, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు చిరునామా) మాత్రం మీ రౌటర్‌ది. ఎందుకో మీ అంతట మీరు చెప్పగలిగితే సగం గందరగోళం పోయినట్టే.

ఓఎస్ఐలోని సెషన్, ప్రెజెంటేషన్ లేయర్ల గురించి ఇప్పుడే టెన్షన్ పడకండి. తర్వాత సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టడం), అదీ కాగితం మీద లెక్కలు వేస్తూ.