పాత శిల్పాల్లో నిండైన ఒళ్లు అందమే కదా, మరి ఇప్పుడు లావంటే ఎందుకు చిన్నచూపు?

ఈ ప్రశ్న నన్నెప్పుడూ వదల్లేదు. మాది అనంతపురం, చిన్నప్పటి నుంచీ నాది బొద్దు ఒళ్లే.

పాతకాలంలో అన్ని ఒళ్లనూ మెచ్చుకున్నారని మాత్రం అనలేను. లేపాక్షి గుడి 16వ శతాబ్దానిది. అక్కడ బొజ్జ వినాయకుడికే, ఆడవాళ్ల నడుము సన్నమే. కాకపోతే భుజాలు, తొడలు నిండుగా ఉంటాయి. పొట్ట మీది మూడు ముడతలను త్రివళులని మన కావ్యాలు అందంగా వర్ణించాయి. ఆ ముడతలు కనబడతాయనే ఇప్పుడు నేను పైట సర్దుకుంటూ ఉంటాను. యూరప్‌లో 17వ శతాబ్దపు చిత్రకారుడు రూబెన్స్ ఆడవాళ్ల ఒంటి ముడతల్ని దాచకుండా, ఇష్టంగా గీశాడు.

నాకు జవాబు దొరికింది మా అవ్వ దగ్గర. లేపాక్షి నాట్యమంటపంలో శివభక్తుడైన మూడు కాళ్ల భృంగి శిల్పం ఉంది. తనను కాదని శివుడికే ప్రదక్షిణ చేశాడని పార్వతి అతని ఒంట్లో కండ, నెత్తురు తీసేసిందట. నిలబడలేకపోతుంటే శివుడు మూడో కాలు ఇచ్చాడట. ఆ కథ చెప్పి అవ్వ నా చెయ్యి తడిమి, "కండ లేకుంటే మనిషి నిలబడతాడా మే?" అనింది. 1952 గంజి కరువులో ఆమె చిన్నపిల్ల, గంజి కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడింది. ఆమెకు చిక్కిపోవడమంటే ఆకలే. సెలవులకు పోతే "చిక్కిపోయినావే" అని బాధపడేది.

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నా ముందే మా నాన్నతో "ఆరు నెలలు టైమ్ తీసుకోండి, బరువు తగ్గించండి" అన్నారు. నాన్న తల దించుకున్నాడు. వాళ్ల మాట కన్నా అది నాకు ఎక్కువ గుర్తుంది. షుగర్ వస్తుంది జాగ్రత్త అని డాక్టర్ చెబితే వింటాను, ఆయన నా రక్తపరీక్ష చూసి మాట్లాడతారు. వీళ్లు చూసింది నా నడుమునే.

తర్వాత టైఫాయిడ్ వచ్చి తొమ్మిది కిలోలు తగ్గాను. మెట్లు ఎక్కలేను, జుట్టు ఊడుతోంది. ఆఫీసులో మాత్రం "భలే చిక్కావు, ఏం డైట్ చేస్తున్నావు?" అని అందరూ మెచ్చుకోవడమే. జ్వరం వచ్చిందని చెప్పినా "పోనీలే, మంచిదే అయింది" అన్నారు. ఊరికి పోతే గడపలోనే నన్ను చూసి అవ్వ ఒక్కతే ఏడ్చింది. ఆ రాత్రి రాగి సంగటి ముద్ద చేసి, పప్పు వేసి, పక్కనే కూర్చుని తినిపించింది.