ముందు ఫుట్‌నోట్లు తిప్పండి, తర్వాత రాసింది ఎవరో చూడండి

అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల ఉద్యమాల మీద ప్రొఫెసర్లు రాసిన వాటిలో ఏది నమ్మాలి, రాసినవాళ్లే ఉద్యమంలో ఉంటే అది పక్షపాతం కాదా అని అడిగారు. నాకు ఈ విషయం ఒక టర్మ్ పేపర్ పుణ్యమా అని తెలిసొచ్చింది.

అక్కడ చదువుకునే రోజుల్లో సరదాకి ఒక చరిత్ర కోర్సు తీసుకుని, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతివాళ్లు చేసిన బస్సుల బహిష్కరణ మీద పేపర్ రాశాను. 1955 డిసెంబర్ 1న పనిలో అలసిపోయి బస్సులో ఇంటికెళ్తున్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనంది, ఆమెను అరెస్టు చేశారు, ఊరు ఒక్కసారిగా భగ్గుమంది, ఇదీ నేను రాసిన కథ. మూడు పుస్తకాలు చూసే రాశాను, మూడింటిలోనూ అదే ఉంది. మా ప్రొఫెసర్ ‘ఒక్కసారిగా’ అన్న మాట చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘1954 మే 21’ అని మాత్రం రాసిచ్చారు.

ఆ తేదీ ఏమిటో తెలియక రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాను. ఆ రోజు జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచర్, విమెన్స్ పొలిటికల్ కౌన్సిల్ అనే నల్లజాతి మహిళల సంఘం తరఫున నగర మేయర్‌కి ఒక ఉత్తరం రాశారు. చాలా మర్యాదగా ఉంటుంది. బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతివాళ్లే, వాళ్లు ఎక్కకపోతే బస్సులు నడవవు, పాతిక, అంతకు మించే సంఘాలు బహిష్కరణ గురించి మాట్లాడుకుంటున్నాయి అంటారు. పార్క్స్ అరెస్టుకి ఏడాదిన్నర ముందు మాట ఇది. పార్క్స్ కూడా దారినపోయే ప్రయాణికురాలు కాదు, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ అక్కడి శాఖకి కార్యదర్శిగా ఏళ్లతరబడి పనిచేసిన మనిషి. ఆమెను అరెస్టు చేసిన రాత్రే రాబిన్సన్ తన కాలేజీలో వేలకొద్దీ కరపత్రాలు సైక్లోస్టైల్ తీయించారు. 381 రోజులు బస్సులెక్కకుండా జనం ఎలా నిలబడ్డారో అప్పుడు అర్థమైంది నాకు. నా మూడు పుస్తకాల ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి వెళ్తే మూడూ ఒకే పాత వ్యాసం దగ్గర ఆగాయి. అంటే నేను చూసింది ముగ్గురు సాక్షుల్ని కాదు, ఒక్కరినే.

ఇక పక్షపాతం సంగతి. రాబిన్సన్ ఉద్యమకారిణే. ఆవిడ జ్ఞాపకాల పుస్తకం 1987లో వచ్చింది, దాన్ని జ్ఞాపకంగానే చదువుతాను. ఉత్తరం సంగతి వేరు. ముందు ఏం జరగబోతోందో ఎవరికీ తెలియని రోజున రాసింది అది.

పెద్ద జర్నల్, పీర్ రివ్యూ (అచ్చేసే ముందు అదే రంగంలోని వేరే నిపుణులు పరిశీలించడం) అనగానే నేనూ ఒకప్పుడు తల ఊపేవాణ్ని. 2019లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. 2015లో పోలీసు కాల్పుల్లో 917 మంది చనిపోయిన ఘటనలు తీసుకుని, మైనారిటీలను కాల్చే అవకాశం మిగతా పోలీసుల కంటే తెల్ల పోలీసులకేమీ ఎక్కువ లేదని రాశారు. కాంగ్రెస్ విచారణలో కూడా దాన్ని ఉదహరించారు. నేను గబగబా మా స్నేహితుల గ్రూపులో పెట్టేశాను. స్టాటిస్టిక్స్ చదివిన మావాడొకడు ‘ఇందులో ఉన్నవాళ్లంతా చనిపోయినవాళ్లే కదరా, పోలీసులు ఆపి కాల్చకుండా వదిలేసినవాళ్లు ఎక్కడ?’ అన్నాడు. ఫెయిలైనవాళ్ల జాబితా ఒక్కటే చూసి ఏ మాస్టారి క్లాసులో పాసయ్యే అవకాశం ఎక్కువో చెప్పినట్టుంది అన్నాడు. పీర్ రివ్యూ అయిందిరా బాబూ అని నోరు మూయించాను.

డీన్ నాక్స్, జొనాథన్ ముమ్మోలో అనే పరిశోధకులు అదే జర్నల్‌లో సరిగ్గా ఆ ప్రశ్నే వేశారు. 2020 ఏప్రిల్‌లో రచయితలు ఆ వాక్యాన్ని సవరించుకున్నారు, జులైలో పేపర్‌నే వెనక్కి తీసుకున్నారు. డేటా తప్పని కాదు, ఆ డేటా చెప్పగలిగిన దానికంటే ఒక్క వాక్యం ఎక్కువ చెప్పింది, అంతే.

పేపర్ వెనక్కి తీసుకున్న రోజు మావాడు గ్రూపులో ఆ వార్త లింకు ఒక్కటే పెట్టాడు. కింద ఏమీ రాయలేదు.