మీ సీపీయూ ఎవరికి పనిచేస్తోంది?

ప్రశ్న: డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. ఐ5 డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే చాలు, ఫ్యాన్ హోరెత్తిపోతోంది. టాస్క్ మేనేజర్ తెరవగానే సద్దుమణుగుతోంది. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేస్తే వైరస్ ఏమీ లేదంటోంది. ఏమిటిది?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: టాస్క్ మేనేజర్ తెరవగానే సద్దుమణగడమే అసలు ఆనవాలు. దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్‌తో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం) చేసే ప్రోగ్రాముల్లో చాలా వాటికి ఈ తెలివి ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఆగిపోతాయి, మూసేస్తే మళ్లీ మొదలుపెడతాయి. ఇవి తవ్వేది సాధారణంగా మొనేరో అనే డిజిటల్ నాణెం. 2019 నుంచి ఆ కాయిన్ వాడుతున్న రాండమ్‌ఎక్స్ పద్ధతిని మామూలు సీపీయూలకు అనువుగానే తయారుచేశారు. పూర్తి వేగంతో నడిస్తే 2 జీబీకి పైగా ర్యామ్ తినేస్తుంది. మీకున్న 8 జీబీలో అంత పోతే సిస్టమ్ నెమ్మదించినా వింత లేదు.

అయితే ఫైళ్ల ఇండెక్సింగ్ (వెతకడానికి వీలుగా జాబితా వేసుకోవడం) లాంటి విండోస్ సొంత పనులు కూడా సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడే నడుస్తాయి. తేడా తేల్చుకోవడానికి, ఫ్యాన్ హోరెత్తినప్పుడు మౌస్ ముట్టుకోకుండా నెట్ కేబుల్ పీకేయండి. ఇండెక్సింగ్‌కు నెట్‌తో పనిలేదు, సాగుతూనే ఉంటుంది. మైనర్‌కు (మైనింగ్ ప్రోగ్రాముకు) మాత్రం లెక్కలు పంచిపెట్టే పూల్ సర్వర్ నుంచి పని అందదు కాబట్టి ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాన్ నెమ్మదిస్తే అనుమానం బలపడినట్టే. కేబుల్ తిరిగి కలపకుండానే ముందుకు వెళ్లండి.

డిఫెండర్‌కు ఎందుకు దొరకలేదో చూద్దాం. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, అందులో ‘మేనేజ్ సెట్టింగ్స్’, అట్టడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ తెరవండి. మీరు పెట్టని ఫోల్డరో, ఏకంగా సీ డ్రైవో అక్కడ కనిపిస్తే కారణం అదే. ఆ చోట వెతకొద్దని మాల్‌వేరే డిఫెండర్‌కు చెప్పి పెట్టింది. ఆ ఫోల్డర్ దారి (పాత్) కాగితం మీద రాసుకుని, ఎంట్రీ తీసేయండి.

తర్వాత టాస్క్ షెడ్యూలర్, అంటే నిర్ణీత వేళల్లో ప్రోగ్రాములను నడిపే విండోస్ టూల్ తెరవండి. లాగిన్ కాగానే గానీ, కొన్ని నిమిషాలకోసారి గానీ నడిచే పనుల్లో ‘యాక్షన్స్’ ట్యాబ్ చూడండి. మీరు రాసుకున్న దారిలోని ఫైలునో, యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లలోని తెలియని ఫైలునో నడిపిస్తున్న టాస్క్ పట్టుకోండి. ఇక్కడ వరస ముఖ్యం: ముందు టాస్క్ డిజేబుల్ చేయాలి, తర్వాత ప్రాసెస్ ఆపాలి, ఆ తర్వాతే ఫైలు తీసేయాలి. ముందే ప్రాసెస్ ఆపితే టాస్క్ దాన్ని మళ్లీ లేపుతుంది. పేరు చూసి మోసపోకండి. ఎస్‌వీసీహోస్ట్ అని విండోస్ సొంత ప్రాసెస్ పేరే ఉన్నా ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కితే విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డరే తెరుచుకోవాలి.

ఇప్పుడు నెట్ కలిపి డిఫెండర్ అప్‌డేట్ చేసి, ‘ఆఫ్‌లైన్ స్కాన్’ పెట్టండి. విండోస్ లేవకముందే నడుస్తుంది కనుక మైనర్‌కు దాక్కునే వీలుండదు. పదిహేను నిమిషాలు పట్టొచ్చు. రీస్టార్ట్ తర్వాత ఎక్స్‌క్లూజన్ మళ్లీ ప్రత్యక్షమైతే ఇక వెతుకులాట ఆపి ఫార్మాట్ చేయండి. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్‌లో తయారుచేసుకోండి. డిజైన్ ఫైళ్లు, ఫాంట్లు చాలు, పాత సెటప్ ఫైళ్లు వెంట తెచ్చుకోవద్దు. మైనర్లు చొరబడే మామూలు దారి క్రాక్ (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్, విండోస్ యాక్టివేటర్లు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అవి అడిగేది అందుకే. వాటితోపాటే పాస్‌వర్డులు దొంగిలించేవీ వస్తుంటాయి, కాబట్టి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మరో పరికరం నుంచి మార్చేయండి.

ప్రశ్న: వెబ్‌సైట్ తెరిచినంత మాత్రాన మైనింగ్ జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: జరుగుతుంది. 2017లో వచ్చిన కాయిన్‌హైవ్ అనే స్క్రిప్టుతో ఇది విపరీతమైంది. 2018లో తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం సైట్లలో కూడా ఇలాంటి కోడ్ బయటపడింది, అంటే సర్కారు సైటన్న భరోసా కూడా చాలదు. 2019 మార్చిలో కాయిన్‌హైవ్ మూతపడ్డాక బెడద బాగా తగ్గింది. అనుమానమొస్తే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, ఏ ట్యాబ్ సీపీయూ తింటోందో తెలుస్తుంది. ఆ ట్యాబ్ మూస్తే సాధారణంగా మైనింగ్ ఆగుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్‌బ్లాకర్ పెట్టుకుంటే ఇలాంటి స్క్రిప్టులు చాలావరకు లోపలికే రావు.

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌తో మేమే మైనింగ్ చేసుకుంటే?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. బిట్‌కాయిన్‌కు ప్రత్యేక యంత్రాలు కావాలి. ఎథీరియం అనే మరో డిజిటల్ నాణెంలో 2022 సెప్టెంబరు నుంచి మైనింగే లేదు. మొనేరో అంటారా, అదనంగా 90 వాట్లు రోజంతా లాగితే నెలకు 65 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకున్నా 455 రూపాయలు. మామూలు ఐ5తో అంత తిరిగి రావడం కష్టం. కాయిన్లు అమ్మిన లాభంపై 30 శాతం పన్ను, ఆపైన సెస్సు ఉంటాయి. మైనింగ్ పరికరాల ఖర్చును అందులోంచి మినహాయించరు.