సెంటర్ స్పీకర్ పోయిన రోజు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ థియేటర్లో పాటలు బాగానే వస్తున్నాయి, మాటలే రావట్లేదు అన్నావు ఫోన్‌లో. అంటే సెంటర్ పోయింది. 5.1 సినిమాలో (తెర వెనక మూడు ఛానెళ్ళు, పక్కల సరౌండ్ రెండు, బేస్‌కి సబ్ వూఫర్ ఒకటి) డైలాగు దాదాపు మొత్తం తెర వెనక నడిమి స్పీకర్‌లోంచే వస్తుంది. సరౌండ్ ఒక పక్క ఆగిపోతే జనం షో అయ్యేదాకా పట్టించుకోకపోవచ్చు. సెంటర్ ఆగితే మాత్రం రెండో నిమిషంలోనే ఈలలు మొదలవుతాయి.

మేనేజరు వచ్చి ఫేడర్, అంటే హాలు మొత్తం వాల్యూమ్, పెంచమంటాడు. పెంచకు. లేని మాట పెరగదు, ఉన్న మ్యూజిక్ మోత మోగుతుంది. ఆ దెబ్బకి మంచి డ్రైవర్లు, అంటే స్పీకర్లో శబ్దం పుట్టించే భాగాలు, కూడా పోతాయి.

ముందు ఏది పోయిందో తేల్చుకో. తెర దగ్గరికెళ్ళి విను. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంటే పైనున్న, సన్నటి శబ్దాలిచ్చే హారన్ డ్రైవర్ పోయింది. పల్చగా, కీచుగా ఉంటే కింద బరువైన శబ్దాలిచ్చే వూఫర్లు. అసలేమీ రాకపోతే యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) దగ్గర సెంటర్, కుడి స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చి, సెంటర్‌కి పింక్ నాయిస్ (పరీక్షకి వాడే హోరు) వదులు. కుడి స్పీకర్ మోగితే యాంప్ బాగుంది, తప్పు సెంటర్ స్పీకర్‌దో దాని వైరుదో. అదీ మోగకపోతే యాంప్ గానీ, అంతకు ముందున్నది గానీ. మార్చేటప్పుడు ఫేడర్ దించి యాంప్‌లు ఆపు. హారన్ వైరు హారన్‌కే, వూఫర్ వైరు వూఫర్‌కే. హారన్‌కీ వూఫర్‌కీ వేరే యాంప్‌లుండే బై-యాంప్ సిస్టమ్‌లో వూఫర్ సిగ్నల్ హారన్‌కి వెళ్తే, కాగితంలా పల్చగా ఉండే దాని డయాఫ్రం పొర చిరగడానికి ఒక్క గుద్దు చాలు.

డ్రైవర్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టు. 8 ఓమ్స్ డ్రైవర్ అయితే సుమారు 6 చూపించాలి. ఏమీ చూపించకపోతే లోపలి తీగచుట్ట, అదే కాయిల్, తెగింది.

ఇక షో నడిపించే సంగతి. ప్రాసెసర్‌లో (సినిమా శబ్దాన్ని ఛానెళ్ళకి పంపే పెట్టె) గానీ క్రాసోవర్‌లో (హారన్‌కీ వూఫర్‌కీ శబ్దాన్ని విడదీసేది) గానీ ఛానెళ్ళు కలిపే మిక్సింగ్ ఉంటే, సెంటర్‌ని ఎడమ, కుడి రెండింటికీ 3 డెసిబెల్స్ (డీబీ) తగ్గించి కలుపు, సెంటర్ యాంప్ ఆపేయి. మధ్య సీట్ల వాళ్ళకి మాట మధ్యలోంచే వచ్చినట్టుంటుంది, అంచుల్లో కూర్చున్నవాళ్ళకి వాళ్ళ పక్క నుంచే వినిపిస్తుంది. ఇంటర్వెల్ దాకా నెట్టుకురావడానికి బాగానే ఉంటుంది గానీ వారమంతా అలా నడపొద్దు. మిక్సింగ్ లేదని వై కేబుల్‌తో రెండు ఔట్‌పుట్లను ఒక ఇన్‌పుట్‌లోకి కలిపేస్తారు కొందరు. ఒక ఔట్‌పుట్‌ని రెండుగా చీల్చవచ్చు గానీ, రెండింటిని అలా ముడేయకూడదు. ఒకదానిమీద ఒకటి పోట్లాడుకుంటాయి.

నన్నడిగితే కుడి ఛానెల్‌ని బలిచ్చి సెంటర్‌ని నిలబెట్టు. యాంప్ పోతే కుడిదాని యాంప్ సెంటర్‌కి ఇవ్వు. డ్రైవర్ పోతే, రెండూ ఒకటే మోడల్ అయినప్పుడు, కుడి హారన్ వెనకున్న డ్రైవర్ విప్పి సెంటర్‌కి బిగించు. ప్లస్‌కి ప్లస్ చూసుకో. పాటల్లో కుడివైపు వాయిద్యాలు తగ్గుతాయి, నిజమే. కానీ కథ అర్థమవుతుంది, డబ్బులు వాపస్ అడగరు. తర్వాత హాల్లో తెర నుంచి మూడింట రెండొంతుల దూరంలో సౌండ్ మీటర్ పెట్టి, ఫేడర్‌ని రిఫరెన్స్ (ప్రామాణిక) స్థానంలో ఉంచి, పింక్ నాయిస్‌తో సెంటర్ 85 డీబీ వస్తుందో లేదో చూడు.

సబ్ వూఫర్ పోయినా కంగారు పడకు. ఆ బేస్‌ని తెర స్పీకర్లలోకి తోయకు, ఆ ఒక్క ఛానెల్‌ని 10 డీబీ ఎక్కువగా వాయించేలా మిక్స్ చేసి ఉంటుంది. దాన్ని అలా వదిలేయి.

ఏం మార్చినా పాత సెట్టింగులు ఫొటో తీసి, ర్యాక్ మీద చీటీ అంటించు. సెకండ్ షోకి వచ్చే కుర్రాడికి నువ్వేం చేశావో తెలియాలి కదా.

పోయిన డ్రైవర్ మాగ్నెట్ వెనక మోడల్ నంబరు ఉంటుంది. 8 ఓమ్సా, 16 ఓమ్సా కూడా దానిమీదే రాసుంటుంది. శుక్రవారం కొత్త సినిమా వేస్తున్నారన్నావుగా, ఈ రాత్రికే ఆ ఫొటో పంపు. డయాఫ్రం దొరుకుతుందేమో పొద్దున్నే షాపులో అడుగుతాను.

మీ మామయ్య