షోరూమ్ రికార్డుల్లో తేడాలు: పొరపాటా, చేతివాటమా?

ప్రశ్న: అనంతపురంలో ఒక కార్ల షోరూమ్‌లో కస్టమర్ల డేటా చూసే ఉద్యోగంలో ఈమధ్యే చేరాను. నెలాఖరు రిపోర్టు తీస్తుంటే తేడాలు బయటపడ్డాయి. కొందరి ఫోన్ నంబర్ల చివర అన్నీ సున్నాలే. ఇద్దరు మహబూబ్ బాషాల సర్వీసు వివరాలు ఒకే ఖాతాలో కలిసిపోయాయి. ఒకే మొబైల్ నంబరు ఏ సంబంధమూ లేని పదిమందికి పైగా కస్టమర్ల పేర్ల పక్కన ఉంది. మేనేజర్‌కు చెబితే ‘సరిచేసెయ్, అయిపోతుంది’ అన్నారు. సరిచేయమంటారా? పేరు వేయకండి.

జవాబు: ఇప్పుడే ఒక్క గడి కూడా దిద్దకండి. మీరు దిద్దిన క్షణం నుంచి ఆ రికార్డులో చివరగా మార్చిన మనిషి మీరే అవుతారు. రేపు లెక్క తేలేటప్పుడు సాఫ్ట్‌వేర్ చూపించేది మీ లాగిన్‌నే. ముందు ఆ రిపోర్టు ఉన్నదున్నట్టు కాపీ తీసి, ఆఫీసు కంప్యూటర్‌లోనే తేదీ వేసి భద్రపరచండి. తర్వాత మేనేజర్‌కు ఆఫీసు మెయిల్‌లో రెండు ముక్కలు రాయండి: ఫలానా రికార్డుల్లో ఫలానా తేడాలున్నాయి, మార్చమంటే రాతపూర్వకంగా చెప్పండి అని. ఆ డేటాను పెన్‌డ్రైవ్‌లోనో మీ సొంత వాట్సాప్‌లోనో ఇంటికి మాత్రం తీసుకెళ్లవద్దు. అందులో ఉన్నది జనం ఆధార్, పాన్, చిరునామా. మంచి ఉద్దేశంతో తీసుకెళ్లినా తప్పు మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక మీరు చెప్పిన మూడూ ఒక్క కోవకు చెందినవి కావు.

సున్నాల సంగతి ఎక్సెల్ పని అయ్యే అవకాశమే ఎక్కువ. మొబైల్ నంబరు ముందు 91 చేరిస్తే పన్నెండు అంకెలవుతుంది. అంత పెద్ద సంఖ్యను ఎక్సెల్ మామూలు గడిలో కుదించి, 9.19849 పక్కన ‘ఈ’ అక్షరం, ప్లస్ 11 అని చూపిస్తుంది. అప్పటికి లోపల అసలు నంబరు భద్రంగానే ఉంటుంది. ఆ ఫైలును సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేస్తే మాత్రం కంటికి కనిపించే ఆ కుదించిన రూపమే రాసుకుంటుంది. మళ్లీ తెరిస్తే 919849 తర్వాత ఆరు సున్నాలు. పోయిన అంకెలు తిరిగి రావు, పాత బ్యాకప్‌లోనో బుకింగ్ ఫారంలోనో వెతుక్కోవాల్సిందే. ఇకముందు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకున్నాకే ఫైలు దిగుమతి చేయండి. జన్యువుల పేర్లను కూడా ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ పేర్లే మార్చుకున్నారు.

బాషాల విషయం కూడా చాలావరకు యంత్రం తప్పే. మన సీమ జిల్లాల్లో మహబూబ్ బాషాలు, మద్దిలేటిలు, ఓబులేసులు ఊరికి పదిమంది. ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. పేరూ ఊరూ కలిస్తే ఒకే మనిషని తేల్చేసే సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికిరాదు. ఖాతాలు కలపాలంటే ఛాసిస్ నంబరు, మొబైల్ నంబరు రెండూ సరిపోవాలని సెట్టింగు పెట్టించండి.

నన్ను కలవరపెడుతున్నది మూడోదే, ఒకే నంబరు పదిమంది పేర్ల పక్కన ఉండటం. యంత్రం చేసే తప్పుకు మనుషులతో పని లేదు, ఫైలు పొడుగునా ఒకే తీరుగా ఉంటుంది. మనిషి చేయి పడిన చోట తప్పులన్నీ డబ్బు చుట్టూ, డెలివరీ తేదీ చుట్టూ, ఒకరిద్దరి లాగిన్ల చుట్టూ తిరుగుతాయి. కారు ఇచ్చాక కంపెనీ నుంచి కస్టమర్‌కు ‘సేవలు ఎలా ఉన్నాయి’ అని ఫోన్ వస్తుంది. ఆ మార్కుల మీద షోరూమ్‌లో ఇన్సెంటివ్‌లు ఆధారపడి ఉంటాయి. అందుకని కొందరు కస్టమర్ నంబరు తీసేసి తమ వాళ్ల నంబరు పెట్టేస్తారు. ఇది మార్కుల కోసం ఆడే నాటకం అనుకుని వదిలేయకండి. ఓటీపీలు, సర్వీసు మెసేజీలు, రీకాల్ కబురు (లోపమున్న కారును సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచే సమాచారం) కూడా ఆ నంబరుకే పోతాయి. బ్రేకుల లోపం సమాచారం అసలు యజమానికి చేరకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రికార్డుల్లో నంబరు ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు మార్చారో చూడండి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే అదే మొదటి జబ్బు. పాత కారే లేని వాళ్ల పేర ఎక్స్ఛేంజ్ బోనస్ కనిపిస్తోందా? ఒకే కారుకు నగదు రసీదులు ఇద్దరి పేర్ల మీద చీలాయా? ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుంది. అలాంటివి దొరికితే మేనేజర్ దగ్గర ఆగకండి, యజమానికీ ఆడిటర్‌కూ తెలియజేయండి. మీ షోరూమ్ ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదుచేసే ఎడిట్ లాగ్ తప్పనిసరి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. కస్టమర్ రికార్డులో చెరిపినది అక్కడ తేలవచ్చు. షోరూమ్ మూసేశాక బయటి నుంచి ఎవరో లాగిన్ అయిన ఆనవాళ్లుంటే మాత్రం వెంటనే పాస్‌వర్డ్‌లు మార్పించండి. చొరబాటు తెలిసిన 6 గంటల్లోపు కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నుంచి ఆదేశాలున్నాయి. ఎవరైనా కస్టమర్ డబ్బు పోగొట్టుకుంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.

ప్రశ్న: కర్నూలులో కొత్త కారు బుక్ చేశాను. ఇన్వాయిస్‌లో నా పాన్ ఒక అంకె తేడాగా పడింది, ఛాసిస్ నంబరులో ‘ఓ’ అక్షరం ఉంది. పట్టించుకోవాలా?

జవాబు: తప్పకుండా. కారు ధర 10 లక్షలు దాటితే షోరూమ్ 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేసి మీ పాన్ మీద కడుతుంది. పాన్ తప్పయితే ఆ సొమ్ము ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేర ఉన్న పన్నుల లెక్కలో కనిపించదు. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. వాటిలో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ వాడరు, కాబట్టి అక్కడ సున్నా ఉండాలి. కారు మీద చెక్కిన నంబరును ఇన్వాయిస్‌తో, ఫారం 21తో (షోరూమ్ ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రం), ఇన్సూరెన్స్‌తో మీ కళ్లతో మీరే సరిపోల్చుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందు అయితే షోరూమ్‌లోనే సరిచేస్తారు. ఆర్‌సీ వచ్చాక అయితే ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి.

ప్రశ్న: కడపలో సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఆధార్ ఫొటో తన వాట్సాప్‌కు పంపమంటున్నారు. పంపవచ్చా?

జవాబు: సొంత ఫోన్‌కు వద్దు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ సైటు నుంచి దించుకుని, షోరూమ్ అధికారిక మెయిల్‌కు పంపండి. రిజిస్ట్రేషన్‌కు పూర్తి నంబరు కావాలంటే కౌంటర్ దగ్గర మీ ఎదుటే నమోదు చేయమనండి.