కొత్త మార్కర్ కొన్నవారికి: ముందు మాస్కు, తర్వాత గాలి, ఆ పైనే బ్యారెల్

ఈ నెల మా ఆటల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదు పెయింట్‌బాల్ గురించే ఉన్నాయి. మార్కర్ అనే పరికరంతో, గ్యాసు బలం మీద రంగు నింపిన బంతులను ఒకరిపై ఒకరు కాల్చుకునే ఆట ఇది. కర్నూలు శివారులోని ఒక మైదానంలో కొన్నేళ్లుగా మార్కర్ల మరమ్మతు చూస్తున్నవాడిని కనుక, నా చేతుల మీదుగా జరిగిన వాటినే ఆధారం చేసుకొని జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను.

ప్రశ్న: ఇటీవల టిప్‌మన్ 98 కస్టమ్ మెకానికల్ మార్కర్ కొన్నాను. దానితో పాటు 200 బంతులు పట్టే హాపర్, 20 ఔన్సుల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ తీసుకున్నాను. ఇంకా పన్నెండు వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. 16 అంగుళాల బ్యారెల్, ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్, పైన ఒక స్కోపు బిగించాలని ఉంది. వీటిలో ముందు ఏది కొనాలి? ముఖానికి నా మోటారుసైకిల్ హెల్మెట్ సరిపోతుందా? - ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు చివర అడిగినదే మొదట తేలవలసిన విషయం. హెల్మెట్ సరిపోదు. సుమారు 3 గ్రాముల బరువున్న 0.68 అంగుళాల బంతి సెకనుకు 280 నుంచి 300 అడుగుల వేగంతో వచ్చి తగులుతుంది. హెల్మెట్ అద్దాన్ని ఆ దెబ్బకు పరీక్షించి తయారు చేయరు. పైగా గడ్డం కింది సందులోంచి రంగూ, పగిలిన పెంకు ముక్కలూ నేరుగా కంటివైపుకే వస్తాయి. ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణానికి సరిపోతుందని ముద్ర ఉన్న పెయింట్‌బాల్ మాస్కునే కొనండి. అందులోనూ రెండు పొరల అద్దం ఉన్న థర్మల్ రకాన్నే తీసుకోండి, ఎందుకంటే మన ఎండల్లో చెమటకు ఒంటి పొర అద్దం పది నిమిషాల్లో మసకబారుతుంది, మసకబారిన మాస్కును తుడుచుకోవడానికి ఆట మధ్యలో పైకెత్తిన క్షణంలోనే కన్ను పోయే ప్రమాదం ఉంది. అద్దంలోంచి ఏమీ కనిపించకపోతే చేయి పైకెత్తి, మైదానం బయటకు నడిచి వచ్చి, అక్కడ మాత్రమే మాస్కు తీయాలి. మీ పన్నెండు వేలలో మొదటి వాటా దీనిదే.

ఇక మొదటి రోజు సంగతి. మీది బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేసే మార్కర్. ట్రిగ్గర్ నొక్కగానే సియర్ అనే చిన్న కొక్కెం, వెనుక ఉన్న బోల్టును (లోపల ముందుకూ వెనక్కీ జరిగే లోహపు ముక్కను) వదిలేస్తుంది, స్ప్రింగు దానిని ముందుకు తోస్తుంది, అది వాల్వును కొడుతుంది, వాల్వు తెరుచుకొని వెలువడిన గ్యాసులో కొంత భాగం బంతిని బయటకు పంపితే, మిగిలిన భాగం బోల్టును వెనక్కి నెట్టి మళ్లీ కొక్కేనికి తగిలిస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం ఇబ్బందులకు కారణం మీకే తెలిసిపోతుంది. ఉదాహరణకు, బోల్టును వెనక్కి లాగి పెట్టకుండా సిలిండర్ బిగిస్తే అది వాల్వు మీదే ఆనుకొని ఉంటుంది కనుక గ్యాసు బ్యారెల్‌లోంచి బుస్సుమని పోతుంది. కొత్త మార్కర్ పాడైపోయిందని చాలామంది హడలిపోయేది ఇక్కడే. కాబట్టి బ్యారెల్‌కు కవరు తొడిగి, బోల్టును వెనక్కి లాగి, సేఫ్టీ పెట్టి, ఆ తర్వాతే సిలిండర్ తిప్పండి. ఆట ముగిశాక ఇదే వరుసను తిరగేయాలి: హాపర్ తీసేయండి, లోపల మిగిలిన బంతిని సురక్షితమైన దిక్కుకు వదిలేయండి, సిలిండర్ విప్పండి, గొట్టాల్లో నిలిచిన గ్యాసు కూడా పోయేదాకా మరికొన్ని సార్లు ట్రిగ్గర్ నొక్కండి. సిలిండర్ తీసేశాం కదా అని ఖాళీ అనుకొని బ్యారెల్‌లోకి తొంగిచూసేవారిని నేను చూశాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మైదానంలో అడుగుపెట్టే ముందు క్రోనోగ్రాఫ్ మీద వేగం కొలిపించుకోండి. 300 అడుగులు పై హద్దు, చాలా మైదానాలు 280కే కట్టేస్తాయి. మీ మార్కర్‌కు ఎడమవైపున ఉన్న వేగం మరను లోపలికి తిప్పితే గ్యాసు దారి ఇరుకై వేగం తగ్గుతుంది. వెనుక మర ఉండే స్పైడర్ తరహా మార్కర్లలో లోపలికి తిప్పితే స్ప్రింగు బిగిసి వేగం పెరుగుతుంది. పక్కవాడి మార్కర్ చూసి నేర్చుకుంటే తలకిందులవుతుందని ఇంత విడమరిచి చెబుతున్నాను. పావు మలుపు తిప్పడం, నాలుగైదు బంతులు కాల్చడం, మళ్లీ కొలవడం, అంతే.

ఇప్పుడు మీ జాబితాకు వద్దాం. ఇంకా ఒక్క బంతి కూడా కాల్చకముందే స్కోపు కొనడం "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అన్నట్టుంది. గుండ్రటి మెత్తని బంతి గాలిలో త్వరగా వేగం కోల్పోయి కిందికి దిగిపోతుంది, పైగా మాస్కు అడ్డుండగా స్కోపుకు కన్ను ఆనించడమే కుదరదు. దానిని మీ జాబితాలోంచి కొట్టేయండి. 16 అంగుళాల బ్యారెల్ వల్ల కూడా గురి పెరగదు: బంతికి రావలసిన వేగంలో అధికభాగం మొదటి ఎనిమిది అంగుళాల పరిసరాల్లోనే వచ్చేస్తుంది, ఆపై గొట్టం పొడవయ్యే కొద్దీ రాపిడి పెరిగి గ్యాసు ఎక్కువ తింటుంది, పొదల్లో దాక్కున్నప్పుడు ముందుగా కనిపించేదీ అదే. 12 నుంచి 14 అంగుళాలు చాలు. పొడవు కంటే లోపలి వ్యాసం మీ బంతులకు అమరడం ముఖ్యం. బ్యారెల్‌ను మార్కర్ నుంచి విప్పి, వెనుక వైపు నుంచి ఒక బంతిని పెట్టి చూడండి; దానంతటది జారిపోతే వదులు, నోటితో గట్టిగా ఊదినా కదలకపోతే బిగువు, ఆగి నిలిచి ఊదితే బయటకు వచ్చేదే సరైన జత. కొనేటప్పుడు 98 మరలదే అడగండి. అదే సంస్థ ఏ-5 మార్కర్ మరలు వేరు, దానికీ దీనికీ బిగవదు.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. మీ హాపర్‌లో బంతులు తమ బరువుకు తామే జారిపడాలి, అవి జారే వేగానికి మించి ట్రిగ్గర్ పరుగెత్తితే, సగం దిగిన బంతిని బోల్టు కత్తిరించి లోపలంతా రంగు పులిమేస్తుంది. కాబట్టి ఆ ట్రిగ్గర్ కొంటే మోటారుతో తిరిగే హాపర్ కూడా కొనక తప్పదు, రెండింటికీ బ్యాటరీలు కావాలి. బ్యాటరీ అక్కర్లేకుండా, దుమ్ములో పడేసినా దులుపుకొని ఆడుకోగలగడమే మెకానికల్ మార్కర్ గొప్పదనం. మాస్కు పోను మిగిలిన డబ్బుతో సరైన బ్యారెల్ ఒకటి, లోపల తుడుచుకునే స్క్వీజీ ఒకటి, గ్యాసు కారకుండా ఆపే రబ్బరు వలయాల (ఓ-రింగుల) సెట్టు ఒకటి తీసుకొని, తక్కినది బంతుల మీద ఖర్చు పెట్టండి.

ప్రశ్న: మా ఊళ్లో సిలిండర్ నింపేవారు లేరు. సోడా బండ్లకు గ్యాసు ఇచ్చే దుకాణంలో నింపించుకోవచ్చా? పంక్చర్ షాపు కంప్రెసర్ పనికొస్తుందా? వెల్డింగు షాపులోని ఆక్సిజన్ అయినా గాలే కదా అని ఒక స్నేహితుడు అంటున్నాడు. - ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ స్నేహితుడి మాట ముందుగా చెవిన పడకుండా చేసుకోండి. ఎక్కువ పీడనంలో ఉన్న స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు నూనె చుక్క తగిలితే చాలు, నిప్పు అక్కర్లేకుండానే అంటుకొని పేలుతుంది. మార్కర్ లోపల ఎప్పుడూ నూనె ఉంటుంది. ఆక్సిజన్ గానీ, మండే వాయువు ఏదైనా గానీ మార్కర్ దరిదాపులకు రాకూడదు.

పంక్చర్ షాపు కంప్రెసర్ వల్ల ప్రమాదం లేదు గానీ ప్రయోజనమూ లేదు. అది ఇచ్చేది 150 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే పీడన కొలత) లోపే. పెయింట్‌బాల్ గాలి సిలిండర్లు 3000 పీఎస్‌ఐ, 4500 పీఎస్‌ఐలవి. వాటిపై ఉండే రెగ్యులేటర్ ఆ పీడనాన్ని 800 ప్రాంతానికి దించి మార్కర్‌కు అందిస్తుంది. సోడా గ్యాసు మాత్రం అదే కార్బన్ డయాక్సైడ్. చిక్కు గ్యాసులో లేదు, నింపడంలో ఉంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది కనుక దానిని పీడనం చూసి కాక, తూకం వేసి నింపాలి: ఖాళీ సిలిండర్‌ను తూచి, 20 ఔన్సులదైతే 567 గ్రాములు మాత్రమే ఎక్కించాలి. "ఇంకొంచెం పట్టింది" అని మొహమాటానికి ఎక్కువ పోస్తే ఏమవుతుందో మన ఎండ చెబుతుంది. 21 డిగ్రీల దగ్గర సుమారు 850 పీఎస్‌ఐ ఉండే ఈ సిలిండర్, 31 డిగ్రీలు దాటాక లోపల ద్రవం, ఆవిరి అనే తేడా లేకుండా పోయి, నిండుగా నింపినదైతే 40 డిగ్రీల వద్ద 1500ను దాటుతుంది. మే నెలలో కారు డిక్కీలో పెడితే ఎంతకు చేరుతుందో మీరే ఊహించండి. రక్షణ కోసం వాల్వు పక్కన పలుచని బిళ్ల ఒకటి ఉంటుంది, పీడనం మితిమీరితే అది చిట్లి గ్యాసును వదిలేస్తుంది. అది చిట్లిన చోట నాణెం పెట్టి బిగించిన మహానుభావుడి సిలిండర్ ఒకటి మా దగ్గరకు మరమ్మతుకు వచ్చింది, నేను ముట్టుకోలేదు.

మన దేశంలో సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 కిందికి వస్తాయి. పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం ఉన్న సిలిండర్‌నే అనుమతి ఉన్న చోట నింపాలి. కాబట్టి అగ్నిమాపక సిలిండర్లు నింపే అనుమతి ఉన్న సంస్థను కర్నూలులోనో కడపలోనో వెతికి, మీ సిలిండర్ మీద ముద్రించిన పరీక్ష తేదీ చూపించి అడగండి. అయిదేళ్లు దాటితే నీటి పీడన పరీక్ష చేయించనిదే నింపించకండి. నన్నడిగితే, మార్కర్‌లో మార్పుల కంటే ముందు కార్బన్ డయాక్సైడ్ వదిలి గాలి సిలిండర్‌కు మారడమే అసలైన మెరుగుదల. వరుసగా కాల్చినప్పుడు ద్రవం ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరుస్తుంది, పీడనం పడిపోతుంది, పదో బంతి మొదటి బంతి పోయిన చోటికి పోదు. బ్యారెల్ కిందికి వంచితే ద్రవమే మార్కర్‌లోకి దిగి తెల్లని మంచు కక్కుతుంది. రెగ్యులేటర్ ఉన్న గాలికి ఈ రెండు తలనొప్పులూ ఉండవు. అయితే నింపే చోటు అందుబాటులో ఉందని తేలాకే కొనండి.

ప్రశ్న: బంతులు మార్కర్ లోపలే పగులుతున్నాయి. శుభ్రం చేసి తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. ఇప్పుడు గ్యాసు కారుతోంది. - ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఈ తప్పు నేనూ చేశాను. నా మొదటి మార్కర్‌లో సన్నగా గ్యాసు కారుతుంటే అదే స్ప్రే కొట్టాను, కారడం ఆగిపోయింది, మందు దొరికిందని సంబరపడ్డాను. ఆ స్ప్రేలోని ద్రావకానికి ఓ-రింగు ఉబ్బి తాత్కాలికంగా సందు మూసింది, అంతే. వాపు చూసి బలుపనుకున్నాను. రెండు వారాల్లో అది మెత్తబడి తెగింది. మీరు లోపలి భాగాలను పొడి గుడ్డతో తుడిచి, ఓ-రింగులన్నీ మార్చి, ఆట మొదలయ్యే ముందు పెయింట్‌బాల్ మార్కర్ల కోసమే అమ్మే నూనెను సిలిండర్ బిగించే రంధ్రంలో నాలుగైదు చుక్కలు వేసి, బంతులు లేకుండా కొన్నిసార్లు కాల్చండి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు; దుమ్ముతో కలిసి జిగురవుతాయి.

బంతులు పగలడానికి చూడవలసినవి రెండు. బ్యారెల్ వెనుక, బంతి ముందుకు జారకుండా ఆపే చిన్న రబ్బరు నాలుక అరిగిందేమో చూడండి. అరిగితే రెండు బంతులు ఒకేసారి దిగి ఒకటి నలుగుతుంది. ఒకసారి రంగు అంటిన బ్యారెల్‌ను తుడవకుండా ఆడితే తర్వాతి బంతీ అందులోనే పగులుతుంది. బంతి లోపలి రంగు నీళ్లలో కరిగేదే కాబట్టి బ్యారెల్‌ను విప్పి తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

ప్రశ్న: ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే నా మార్కర్ మరతుపాకీలా వరుసగా కాలుస్తోంది. సిలిండర్ అయిపోవచ్చే వేళకే ఇలా జరుగుతోంది. - ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కారణం మీ ప్రశ్నలోనే ఉంది. గ్యాసు తగ్గినప్పుడు బోల్టును కొక్కెం దాకా నెట్టే బలం చాలక, అది మధ్యలోంచే తిరిగి వచ్చి వాల్వును కొడుతోంది. సిలిండర్ మార్చండి. నిండు సిలిండర్‌తోనూ ఇలాగే ఉంటే కొక్కెం అంచు అరిగినట్టు. ఆ మార్కర్‌తో ఆడకుండా బాగు చేయించండి.

ప్రశ్న: 2000 బంతుల అట్టపెట్టె ఒకేసారి కొని ఇంట్లో పెట్టాను. రెండు నెలల్లో కొన్ని సొట్టలు పడ్డాయి, కొన్ని చేతిలోనే చిట్లుతున్నాయి. ఇవి వాడవచ్చా? వీటిని, మార్కర్‌ను రైలులో తీసుకువెళ్లవచ్చా? - ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: బంతి పెంకు జెలటిన్‌తో చేసినది. మీ ప్రాంతపు పొడి వేడికి అది తడి కోల్పోయి పెళుసవుతుంది, వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. సొట్టలు పడ్డవాటిని ఏరి పారేయండి. ముఖ్యంగా నీళ్లలో నానబెట్టి గుండ్రంగా చేద్దామని చూడకండి. మిగిలినవాటిని గాలి చొరబడని డబ్బాలో, ఇంట్లో అన్నింటికంటే చల్లని గదిలో పెట్టి, వారానికోసారి డబ్బాను తిరగేస్తూ ఉండండి. ఫ్రిజ్ వద్దు. ఇకపై ఒక ఆటకు సరిపడా 500ల సంచి మాత్రమే కొనండి.

నింపిన సిలిండర్‌ను రైలెక్కించకూడదు, అది నిషిద్ధ సామానే. దానిని ఖాళీ చేసి, మార్కర్ నుంచి విడిగా పెట్టండి. ఒకప్పుడు అమెరికాలో నరకవలసిన చెట్లకు, పశువులకు గుర్తు పెట్టడానికి వాడిన పరికరం నుంచే ఈ ఆట 1981లో పుట్టింది కాబట్టి మనం దీనిని మార్కర్ అంటున్నాం గానీ, ప్లాట్‌ఫారం మీద చూసేవారికి అది తుపాకీలాగే కనిపిస్తుంది. బ్యారెల్ విప్పి, అన్నింటినీ మూసిన సంచిలో పెట్టి, కొన్న బిల్లును అదే సంచిలో ఉంచండి. బయలుదేరే ముందు మీ పోలీసు స్టేషన్‌లో చూపించి, అక్కడ ఏమైనా కాగితం అడిగితే తీసుకొని వెళ్లండి.