కొనే ముందు చీపురు కర్ర తిప్పి చూడు

పెరంబూరు, చెన్నై.

చిరంజీవి చిన్నాకు, మామయ్య ఆశీస్సులు.

ఇంట్లోనే జిమ్ పెట్టుకుంటానని నువ్వు ఫోనులో పంపిన జాబితా చూశాను. ట్రెడ్‌మిల్, మల్టీజిమ్, ఉన్నచోటే తొక్కే సైకిల్, బెంచి, రాడ్డు, ప్లేట్లు, గోడకు బిగించే బారు, నిలువెత్తు అద్దం. కింద గీత గీసి లక్షా నలభై వేలు అని రాసి, పక్కన నవ్వు బొమ్మ పెట్టావు. నాకు నవ్వు రాలేదు. మీ అమ్మకు ఫోను చేశాను. "పోయిన నెల రక్తపరీక్ష చేయించుకున్నాడురా, అప్పటి నుంచి వీడికి ఇదే ధ్యాస" అంది అక్క. భయపడి కొన్నా తప్పు లేదు కానీ, భయం తీరేలా ఒక్క రోజులోనే అన్నీ కొనేస్తావేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వ్యాయామ గురువును కాను. కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసినవాణ్ణి. అక్కడ చేరక ముందు నుంచి, ఇదిగో ఇవాళ పొద్దున వరకు, ఇనుము ఎత్తుతూనే ఉన్నాను. ఈ రెండింటి వల్లా నాకు అర్థమైంది ఒకటే. వస్తువులో కదిలే భాగాలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత తిప్పలు. సముద్రం పక్కన ఉండేవాడికి ఆ తిప్పలు రెండింతలు.

మీ ఇల్లు తిరువాన్మియూరులో సముద్రానికి నాలుగు వీధుల దూరం. గృహప్రవేశం నాడు మీ బాల్కనీ గ్రిల్లును గోటితో గీరాను, గుర్తుందా? రంగు పెచ్చుగా లేచింది, కింద ఎర్రటి పొడి. మూడేళ్ళ గ్రిల్లు అది. ఉప్పుగాలికి నీ చెమట కూడా తోడైతే, ఆ బాల్కనీలో పెట్టిన యంత్రం ఏమవుతుందో ఊహించుకో. గాలి బాగా వస్తుందని బాల్కనీలో పెడతానన్నావట. వద్దు. లోపలి గదిలో, కిటికీ తీసి చేసుకో.

2006లో నేనూ ఒక మల్టీజిమ్ కొన్నాను, అదే, తీగలు లాగి బరువులు ఎత్తే యంత్రం. దుకాణంలో తళతళలాడింది. దాని తీగకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, లోపల ఇనుప పురి. తొడుగు నున్నగా కనిపిస్తూనే ఉంది, లోపల తుప్పు తినేస్తోంది. మూడో ఏట, భుజాల బారు కిందికి లాగుతుండగా కప్పీ దగ్గర పుటుక్కున తెగింది. బారు నెత్తి మీద పడలేదు, తొడ మీద పడింది. పదిహేను రోజులు కుంటుతూ నడిచాను. బరువులు జారే రెండు నిలువు కడ్డీలకు కూడా గరుకు పట్టి, నాలుగు పలకలు ఎత్తితే ఆరు పలకలు ఎత్తినంత బిగువు. ఇంట్లో రోజూ కడ్డీలు తుడిచి, నూనె పెట్టి, తీగ చూసుకునేవాడికైతే మల్టీజిమ్ మంచిదే. ఫిట్టరునై ఉండి నేనే చూసుకోలేదు. చివరికి పాత ఇనుప సామాను వాడికి తూకానికి ఇచ్చాను.

అందుకని నీ జాబితాలో మొదట మల్టీజిమ్ కొట్టేశాను.

ఇక ట్రెడ్‌మిల్. నీకు దాని మీద మనసు పడిందని తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో నాలుగు హార్స్‌పవర్ అని ఉంటుంది. అది మోటారు ఒక్క క్షణం చూపించే శిఖరం. గంటసేపు ఆగకుండా ఇచ్చే శక్తి వేరే, అది చిన్న అక్షరాలలో ఉంటుంది, కొన్నిటి మీద అసలు ఉండదు. రెండోది అడుగు. చెప్పలేకపోతే వచ్చేయ్. నువ్వు తొంభై రెండు కిలోలు ఉన్నావు. ట్రెడ్‌మిల్ మోయగల బరువు సరిగ్గా నీ బరువుకు సరిపోతే చాలదు, ఇరవై ముప్పై కిలోలు పైన ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న పదహారు ఆంపియర్ల ప్లగ్ కావాలి, పొడిగింపు తీగ పనికిరాదు. కరెంటు పోతే మీ ఇన్వర్టరు దాన్ని లాగదు. పట్టీ కింద సిలికాన్ నూనె వేయడం ఎవరూ చెప్పరు. వేయకపోతే పట్టీ పలకను రాసుకుని, మోటారు వేడెక్కి, మీ గదిలో కాలిన వాసన మొదలవుతుంది. పైగా నాలుగేళ్ళ పాప ఉన్న ఇల్లు. తిరుగుతున్న పట్టీ వెనక అంచులో వేలు పడితే చర్మం ఊడుతుంది. కొన్నావంటే, తీస్తే పట్టీ తిరగకుండా ఆపేసే, తాళం చెవి లాంటి ఎర్ర బిళ్ళ ఒకటి ఉంటుంది, దాన్ని వాడిన ప్రతిసారీ తీసి బీరువాలో పెట్టాలి.

ఇంతా చేసి దాని మీద చేసేది నడకే. ఐదు నిమిషాలు నడిస్తే నీకు సముద్రం. ఏప్రిల్, మే నెలల ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన అంటావు. ఆ రోజులకు మీ అపార్ట్‌మెంటులో ఐదు అంతస్తుల మెట్లు ఉన్నాయి. నిదానంగా నాలుగుసార్లు ఎక్కి దిగు, మర్నాడు పిక్కలు చెబుతాయి. పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అందులో మొదటి ముక్కకు పైసా ఖర్చు లేదు. నీ డబ్బంతా రెండో ముక్కకు పెట్టు.

ముందు గది. టేపు తీసుకురావడానికి ముందు చీపురు కర్ర తీసుకురా. గది మధ్యలో నిలబడి, కర్రను రెండు చేతులతో నెత్తి మీదికి పూర్తిగా ఎత్తు. అలాగే పక్కలకు తిరుగు, ముందుకు వంగు, వెల్లకిలా పడుకుని చేతులు చాపు. ఫాన్ రెక్క తగిలిందా, బీరువా తలుపు తగిలిందా చూడు. నిజం రాడ్డుకు ప్లేటు ఉంటుంది కాబట్టి కర్ర చుట్టూ ఇంకో జానెడు వదులు. మా వీధిలో ఒకతను ఈ లెక్క చూసుకోక తిరుగుతున్న ఫాన్‌లోకి రాడ్డు ఎత్తాడు. రెక్క వంగి టీవీ మీద పడింది. అతనికి ఏమీ కాలేదు, టీవీకే అయింది.

తర్వాత నేల. మీ టైల్సును నాణెంతో తట్టి చూడు. డొల్ల శబ్దం వచ్చే చోట కింద సిమెంటు లేదని, అక్కడ డంబెల్ దించితే పగులుతుందని అర్థం. ప్లైవుడ్ పలక పరిచి, దాని మీద పది నుంచి పదిహేను మిల్లీమీటర్ల రబ్బరు పలకలు వేసుకో. యోగా చాప సరిపోదు. కొత్త రబ్బరు మన వేడికి వారం రోజులు ఘాటుగా వాసన కొడుతుంది, ముందు మేడ మీద నీడలో ఆరేసి తెచ్చుకో. స్లాబు మోస్తుందా అని అడిగావు. నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు రెండు కిలోన్యూటన్ల బరువుకు లెక్కవేస్తారు, అంటే సుమారు 200 కిలోలు. నీ ఇనుము, నువ్వు, బెంచి కలిపినా గదంతా పరుచుకుని ఉంటే భయం లేదు. ప్లేట్లన్నీ ఒక మూల గుట్ట పోయకు, అంతే. కింది వాటావాళ్ళకు వినిపించేది బరువు కాదు, దించే తీరు. గుడ్డు పెట్టినట్టు దించు.

ఇప్పుడు ఇనుము. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో మన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో కంచు పతకం తెచ్చినప్పుడు ఎత్తింది మొత్తం 240 కిలోలు, స్నాచ్‌లో (ఒకే ఊపున నెత్తి మీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత నెత్తి మీదికి) 130. ఆమె చేతిలో ఉన్నది ఒక కడ్డీ, కొన్ని చక్రాలు. ఆ కడ్డీ చివరలు మాత్రం తిరుగుతాయి, లోపల బేరింగో బుష్షో ఉంటుంది, లేకపోతే మణికట్టు మెలిపడుతుంది. నీకు అంత అవసరం లేదు. కానీ ఒక నిర్ణయం మొదటి రోజే తీసుకోవాలి. మన దుకాణాలలో ఇంటి రాడ్లు సాధారణంగా 28 మిల్లీమీటర్లవి, పోటీల రాడ్డు చివర 50 మిల్లీమీటర్లు. ఒకదాని ప్లేటు ఇంకోదానికి పట్టదు. ఆర్నెల్లలో మానేస్తాననే అనుమానం ఉంటే చిన్నది, కొనసాగిస్తాననే నమ్మకం ఉంటే పెద్దది. కలగాపులగం చేశావంటే ఇంట్లో సగం ఇనుము మంచం కింద పడి ఉంటుంది.

ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు పోసిన ప్లేట్లు చవకగా వస్తాయి, తీసుకోకు. లావుగా ఉండి రాడ్డు మీద చోటు తినేస్తాయి, రెండుసార్లు నేలకు తగిలితే అతుకు విడిపోయి తెల్లటి పొడి రాలుతుంది. పోత ఇనుము తీసుకో. పైన రబ్బరు ఉంటే మన ఊరికి ఇంకా మంచిది. ఏదైనా సరే తూకం వేయించు. నేను కొన్న రెండు ప్లేట్ల మీదా పది అని పోత పోసి ఉంది. మా వీధి పాతపేపర్ల తక్కెడలో పెడితే ఒకటి తొమ్మిది కిలోల మూడు వందలు, రెండోది పది కిలోల రెండు వందలు. ఆరు నెలలుగా కుడి భుజం ఎందుకు ముందు అలిసిపోతోందో అప్పుడు తెలిసింది. తూకం వేయనివ్వని కొట్టు నీకు వద్దు.

బెంచి కొనేటప్పుడు దాని పేరు చూడకు, అడుగు చూడు. తలకిందులు చేసి గొట్టం మందం అడుగు. పద్నాలుగు గేజి అంటే సుమారు రెండు మిల్లీమీటర్లు, పదహారు గేజి అంటే 1.6. గేజి అంకె పెరిగితే మందం తగ్గుతుంది, కొట్టువాడు పెద్ద అంకె చెప్పి మురిపిస్తే మురిసిపోకు. నీ బరువుకు మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వెల్డింగ్ గీత చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సమానంగా పడి ఉండాలి. నాలుగు చుక్కలు పెట్టి మీద నల్లరంగు పూసి ఉంటే లేచి వచ్చేయ్. తర్వాత బెంచి చివర కూర్చో. అవతలి కాళ్ళు లేస్తే అది బెంచి కాదు, తూగుడుబల్ల. ఇంకో సంగతి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు బెంచి మీద రాడ్డుతో ఛాతీ వ్యాయామం చేయకు. చేయలేక ఆగితే రాడ్డు గుండె మీదే ఉంటుంది. డంబెల్స్ అయితే పక్కకు వదిలేయవచ్చు.

గోడకు బిగించే బారు సంగతి. మీది కొత్త అపార్ట్‌మెంటు, గోడలు ఇటుకవి కావు, లోపల గాలి బుడగలుండే తేలికైన సిమెంటు దిమ్మెలవి. అందులో మామూలు బోల్టు కొడితే బిగిసినట్టే బిగిసి, నీ బరువుకు పిండిలా ఊడుతుంది. కాంక్రీటు స్తంభంలోనో దూలంలోనో అయితేనే బిగించు. స్తంభం ఎక్కడుందో నేను వచ్చి చూపిస్తాను. అద్దం కొనుక్కో, అడ్డు చెప్పను. నేల నుంచి అడుగున్నర ఎత్తున బిగించు, దొర్లిన ప్లేటు తగలకుండా.

పాతది కొనడం నామోషీ అనుకోకు. ఇనుముకు వయసు లేదు, పైపైన తుప్పు ఉన్నా బ్రష్షుతో రుద్ది రంగు వేస్తే కొత్తదే. బదిలీ మీద వెళ్ళేవాళ్ళు పెరుంగుడి వైపు రోజూ అమ్ముతుంటారు. సైకిలు కూడా పాతది దొరికితే ఆర్నెల్ల తర్వాత తీసుకో, అయస్కాంతంతో బిగువు మార్చేది అయితే అరిగేవి తక్కువ. తొక్కించి, పెద్ద స్క్రూడ్రైవర్ మొనను బేరింగు ఉన్న చోట ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని విను. సన్నగా ఒకే శ్రుతిలో వినిపిస్తే బాగున్నట్టు. ఇసుక నములుతున్నట్టు వినిపిస్తే బేరింగు పోయినట్టు. మోటారు ఉన్నదేదైనా మూత విప్పించి చూడు. 2015 డిసెంబరు వరదలోనూ, 2023లో మిచాంగ్ తుపానులోనూ వేళచ్చేరి చుట్టుపక్కల నీట మునిగినవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. పైన ఎంత తుడిచినా మూత లోపలి మూలల్లో ఎండిన బురద గీత పోదు.

రోజూ అయ్యాక పొడి గుడ్డతో రాడ్డు తుడువు. పదిహేను రోజులకొకసారి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది రుద్దు, చేయి పట్టుకునే గరుకు భాగంలో పాత పళ్ళబ్రష్షుతో. సాగదీసి వ్యాయామం చేసే రబ్బరు పట్టీలు కొంటే కిటికీ ఎండలో వేలాడదీయకు, పగుళ్ళు పట్టి ముఖం మీద తెగుతాయి. నిజానికి ఆ పట్టీలు నీకన్నా మీ అమ్మకు పనికొస్తాయి. అక్క మోకాళ్ళకు యంత్రాలు వద్దు. చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి, కూర్చుని లేవడం పదిసార్లు, పట్టీ లాగడం పదిసార్లు. డాక్టరును అడిగాకే. నువ్వు కూడా ఆ రక్తపరీక్ష కాగితం డాక్టరుకు చూపించి, బరువులు ఎత్తవచ్చా అని ఒక్క మాట అడుగు.

కాబట్టి ఇప్పటికి రబ్బరు పలకలు, ఒక రాడ్డు, రెండు డంబెల్ కడ్డీలు, ప్లేట్లు జారకుండా బిగించే లాకులు, అరవై కిలోల ప్లేట్లు, ఒక చదును బెంచి, రెండు పట్టీలు. మిగిలిన డబ్బు బ్యాంకులోనే ఉండనీ.

ఆదివారం పదిన్నరకు పెరియమేడులో నెహ్రూ స్టేడియం గేటు దగ్గర ఉండు, ఆ పక్కనే ఆట సామాను కొట్లు. నేను టేపు, తక్కెడ కొక్కెం, స్పానర్లు తెస్తాను. సామాను తేవడానికి కుట్టి యానై అనే చిన్న సరుకుల బండి అక్కడే దొరుకుతుంది, కానీ మీ లిఫ్టు తలుపు వెడల్పు, లోపలి లోతు ఇవాళే కొలిచి పంపు. రాడ్డు ఐదడుగులదా ఏడడుగులదా అన్నది నీ ఇష్టం కాదు, ఆ లిఫ్టు ఇష్టం.

మీ
మామయ్య